పిల్లలు చిన్నగా ఉండగా మొదలుపెట్టిన బిజినెస్: నెమ్మదిగా సాగనివ్వాలా, వెంటనే పెంచాలా?

చందానగర్ అమ్మ (ప్రశ్న)

నారాయణపేట, మంగళగిరి కాటన్‌తో చిన్నపిల్లల ఫ్రాకులు, లంగా జాకెట్లు కుడుతున్నాను. పాపకు మూడో ఏడు. రాత్రి తను పడుకున్నాక కటింగ్, మధ్యాహ్నం మిషన్. ఆర్డర్లు తెలిసినవాళ్ల ద్వారా వాట్సాప్‌లో వస్తాయి, నెలకు కొన్నే. ఈ రోజులు నాకు చాలా బాగున్నాయి. ఏ రంగుకు ఏ అంచు నప్పుతుందో తీరిగ్గా చూసుకునే వీలుంది. ఇప్పుడు ఒక షాపువాళ్లు దసరాకు పెద్ద ఆర్డరు ఇస్తామంటున్నారు. "టార్గెట్ లేకపోతే అది బిజినెస్ కాదమ్మా, టైంపాస్" అని మా బావగారి మాట. నాకేమో ఆ ఆర్డరు ఒప్పుకోవాలని లేదు. మీరేమంటారు?

కుషాయిగూడ నుంచి

ఒప్పుకోండి. నెమ్మదిగా ఆస్వాదించడమన్నది, అద్దె, ఈఎంఐలు ఇంకొకరి జీతంతో గడిచిపోయే ఇళ్లలో కుదురుతుంది. మా ఇంట్లో కుదరదు. నేను క్లాత్ నగలు చేస్తాను. బతుకమ్మ, దసరా, దీపావళి, తర్వాత జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్: మా అమ్మకాల్లో చాలా భాగం ఈ నాలుగైదు నెలల్లోనే. ఆషాఢంలో అడిగేవాళ్లే ఉండరు. సీజన్‌లో వచ్చిన బేరాన్ని వదులుకుంటే ఏడాదంతా ఆ లోటు తెలుస్తుంది.

ఇంకో సంగతి. పని చిన్నగా ఉన్నంతకాలం ఇంట్లోవాళ్లు దాన్ని పని అనుకోరు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని గ్యాస్ బండ దగ్గర్నుంచి చుట్టాల భోజనాల దాకా మనకే అప్పజెబుతారు. డబ్బు కనిపించాకే మా ఇంట్లో బాబును కాసేపు పట్టుకోవడం మొదలైంది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, కానీ జరిగింది అదే.

సీతాఫల్‌మండి నుంచి

చెల్లీ, షాపువాళ్లు ఫ్రాకుకు ఎంత ఇస్తామన్నారో నువ్వు రాయలేదు. నన్నడిగితే అసలు విషయం అక్కడే ఉంది.

బట్ట, అస్తరు, జిప్పు, దారం కలిపి 400 అనుకుందాం. కటింగ్ నుంచి హెమ్మింగ్, ఇస్త్రీ దాకా నాలుగు గంటలు. నీ గంటకు 100 వేసుకుంటే ఫ్రాకు 800. షాపువాళ్లు 600 ఇస్తామంటే నీకు గంటకు 50 మిగులుతుంది. నెలకు 8,000 మిగలాలంటే 800 ధరకు 80 గంటలు చాలు, 600 ధరకు 160 గంటలు కూర్చోవాలి. ఆ ఎక్కువ 80 గంటలు ఎక్కడినుంచి వస్తాయి? నీ నిద్ర నుంచి, పాప దగ్గర్నుంచి. అందుకే చిన్నపిల్లలున్న ఇంట్లో ధర తక్కువ పెట్టుకోవడం పిల్లల పెంపకానికి సంబంధించిన విషయమే అంటాను. మొహమాటంతో తగ్గించిన ప్రతి వందా ఇంట్లో ఎవరో ఒకరు మోయాల్సిందే.

ఇక నెమ్మది గురించి. ఈ రోజుల్లో నువ్వు నేర్చుకునేది తర్వాత నేర్చుకోవడం కష్టం. ముదురు ఎరుపు చేనేత బట్టను ముందే తడిపి చూడకపోతే తెల్ల అంచుకు రంగు అంటుకుంటుంది. కాటన్ కుంచించుకుపోతుంది కాబట్టి తడిపి, ఆరేసి, అప్పుడే కత్తెర పెట్టాలి. చంక దగ్గర కుట్టు అంచు గీరుకుంటే పసిపిల్ల చెప్పలేదు, ఫ్రాకు లాగేసుకుంటుంది. మెడ వెనక లేబుల్ గుచ్చుకున్నా అంతే. నడుము ఎలాస్టిక్ సాయంత్రానికి ఎంత అచ్చు వేస్తుందో నీ పాప ఒంటిమీదే కనబడుతుంది. మన అమ్మమ్మలు లంగాకు లోపల మడత పెట్టి కుట్టించేవారు, పిల్ల పొడుగైతే విప్పేందుకు. ఆ మడత ఎంత వదలాలో రోజూ పిల్లను చూసే అమ్మకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇవన్నీ చేతికి రాకముందే పెద్ద ఆర్డరు పట్టుకుంటే ఒకే లోపం అన్ని ఫ్రాకుల్లోనూ వెళ్తుంది.

కుషాయిగూడ అక్కా, ఇంట్లోవాళ్ల గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. నుమాయిష్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. నెలన్నర పాటు రోజూ రాత్రి దాకా స్టాల్ అంటే, పిల్లను చూసే మనిషి ఉన్నవాళ్లకే. ఉద్యోగం చేసే తల్లికి 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. సొంత పనిలో సెలవిచ్చేవాళ్లెవరూ లేరు. ఈ నిదానమైన రోజులే మనకు దొరికే సెలవు. దాన్ని కూడా టైంపాస్ అంటే నాకు కోపమొస్తుంది.

ఒక ముక్క జీఎస్టీ గురించి: సరుకు అమ్మేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాది అమ్మకాలు 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. వేరే రాష్ట్రానికి పంపితే రూల్స్ మారతాయి, ముందు ఎవరైనా అకౌంటెంట్‌ను అడుగు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ ఫీజు కట్టకు.

నాచారం నాన్న

మా ఆవిడ కేకులు చేస్తుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా బాబు బాధ్యత నాది, ఫోన్ పక్కన పెట్టేస్తాను. ఇక్కడందరూ అమ్మ గంటల గురించే మాట్లాడుతున్నారు. చందానగర్ గారూ, మీవారు రోజుకు రెండు గంటలు తీసుకుంటే మీ లెక్క మొత్తం మారిపోతుంది. బావగారిని టార్గెట్ అడగనివ్వండి, మీరు ఆ రెండు గంటలు అడగండి.

కుషాయిగూడ నుంచి

ధర సంగతి ఒప్పుకుంటాను. కానీ 800 అంటే కొనేవాళ్లు మొదట్లో ఎంతమంది? బయట 350కే ఫ్రాకు దొరుకుతుంటే అందరూ చేనేత విలువ చూడరు. డబ్బు అవసరమున్న తల్లికి "ఆగు, నేర్చుకో" అని చెప్పడం నాకు ఇప్పటికీ సరిగా అనిపించదు. కాస్త తక్కువ ధరకైనా ఒక సీజన్ చేసి చూడమనే అంటాను.

చందానగర్ అమ్మ

షాపువాళ్లు చెప్పింది 550. సీతాఫల్‌మండి అక్క చెప్పిన లెక్క మావారి ముందు కాగితం మీద వేసి చూపించాను. ఆ ధరకు చేయనని, 800కైతే పది ఫ్రాకులు మాత్రం దసరాకు ఇస్తానని వాళ్లకు మెసేజ్ పెట్టాను. జవాబు ఇంకా రాలేదు. సాయంత్రం రెండు గంటల గురించి ఇంట్లో మాట్లాడుతున్నాం, శని ఆదివారాలకైతే మావారు సరేనన్నారు. కుషాయిగూడ అక్కా, ఆషాఢంలో మీరు డబ్బు ఎలా సర్దుకుంటారో వీలైతే రాయండి, అది నాకు అవసరం.