సోషల్ పేపరులో ‘హంగ్’ అని రాస్తే మార్కు కోయవచ్చా?

అమలాపురం తండ్రి: భగత్ సింగ్‌ను 1931 మార్చి 23న లాహోర్ జైలులో ఉరితీశారని ఇంగ్లీషులో రాస్తూ మా అమ్మాయి ‘వాజ్ హంగ్’ అన్నది. సోషల్ మాస్టారు దానిని ‘వాజ్ హ్యాంగ్డ్’ అని దిద్ది అర మార్కు తగ్గించారు. ‘హ్యాంగ్’కు భూతకాల రూపం ‘హంగ్’ అనే కదా బడిలో వల్లె వేయించినది?

భీమవరం విశ్రాంత ఉపాధ్యాయుడు: దిద్దుబాటు సరైనదేనండి. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలను వేలాడదీస్తే ‘హంగ్’, మనిషిని ఉరితీస్తే ‘హ్యాంగ్డ్’. ఉరి వేసుకొని చనిపోయినవారి విషయంలోనూ అంతే. మరణశిక్ష తీర్పు ఎలా ఉండాలో చెప్పిన, 2024 జూన్ దాకా అమలులో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సెక్షన్ 354(5)లో ఉన్నది కూడా ‘హ్యాంగ్డ్ బై ద నెక్’ అన్న మాటే. చట్టమే పాటించిన తేడాను విద్యార్థి పాటించనక్కరలేదా?

రాజమహేంద్రవరం న్యాయవాది: మాస్టారు గారు చెప్పిన ఆ చట్టపు మాటలోనే అసలు సంగతి ఉన్నది. పాత ఇంగ్లీషులో ఈ అర్థానికి రెండు క్రియలు ఉండేవి. ఒకటి లోపలి అచ్చును మార్చుకొని, రెండవది చివర ప్రత్యయం చేర్చుకొని భూతకాలాన్ని తెలిపేవి. తరువాత అవి ఒకటిగా కలిసిపోగా, 16వ శతాబ్దం నుంచి ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లోని ‘హంగ్’ మిగతా ప్రాంతాలకు వ్యాపించింది. శిక్ష విధించే వాక్యాన్ని న్యాయస్థానాలు పాత రూపంలోనే చదువుతూ వచ్చినందువల్ల (మా వృత్తిలో పాత మాట అంత సులువుగా చావదు) ‘హ్యాంగ్డ్’ అక్కడ నిలిచిపోయింది. అంటే ఈ తేడాను నిలిపినది అలవాటే. ఉరి అర్థంలో ‘హంగ్’ కూడా ప్రామాణికమేనని మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు అంగీకరిస్తుంది. అధికారికంగా అమలు చేసే మరణశిక్షకు మాత్రం ‘హ్యాంగ్డ్’ ఎక్కువ తగినదంటుంది.

భీమవరం విశ్రాంత ఉపాధ్యాయుడు: ఆ చివరి మాట నా పక్షానే ఉన్నది కదా! భగత్ సింగ్‌ది కోర్టు విధించిన శిక్షే.

రాజమహేంద్రవరం న్యాయవాది: ఇంగ్లీషు పేపరైతే నేనూ ఒప్పుకొందును. పత్రికలు రాసే ‘హంగ్ అసెంబ్లీ’లో గాని, ఫోన్ బిగుసుకుపోయిందని చెప్పేటప్పుడు గాని ‘హ్యాంగ్డ్’ పెట్టి ఉంటే అది నిస్సందేహంగా తప్పు. ఇక్కడ తేదీ, స్థలం, జరిగిన విషయం అన్నీ సరిగ్గా ఉన్నాయి. సోషల్ పేపరు పరీక్షించవలసినవి అవే. ఎర్ర సిరాతో దిద్దవచ్చు, మార్కు కోయకూడదు.

భీమవరం విశ్రాంత ఉపాధ్యాయుడు: మార్కు కోయకపోతే దిద్దినదాన్ని ఏ పిల్ల చూస్తుందండి? అయినా సోషల్ పేపరు కాబట్టి ఆ అర మార్కు తిరిగి ఇవ్వమని అడగడం తప్పు కాదు.