వరి దుబ్బులో దోమ వణికేది ఎందుకు?

మాది కర్నూలు దగ్గర, కేసీ కాలువ కింద మూడెకరాల సోనా మసూరి. నిన్న సాయంత్రం గట్టు పక్కన ఒక దుబ్బు విడదీసి చూస్తే, మొదట్లో నీళ్లకు కాస్త పైన సుడిదోమలు, అదే వరి రసం పీల్చే పురుగులు. వాటిల్లో ఒకటి కాళ్లు కాండానికి ఆనించి, ఒళ్లు కదలకుండా, పొట్ట మాత్రం పైకీ కిందికీ గబగబా ఆడిస్తా ఉంది. ఆగేది, మళ్లీ మొదలుపెట్టేది. చెవి దగ్గర పెట్టినా చప్పుడు లేదు. ఏం చేస్తాంది అది?

జవాబు: జతను పిలుస్తాంది అన్నా. ఆ పిలుపు పోయేది గాలిలో కాదు, కాండంలో. అందుకే మనకు వినపడదు. అవతలి దోమ దాన్ని కాళ్లతోనే పసిగడతాది. ఆడది పిలిస్తే మగది బదులిస్తా, ఆగి ఆగి వెతుక్కుంటా వస్తాది. ఆకులు ఒకదానికొకటి తగిలితే పక్క దుబ్బుకూ పోతాది.

ఇంకో జవాబు: మాది అనంతపురం, ద్రాక్ష తోట. ఇటలీలో ద్రాక్ష తీగలు పాకే ఇనుప తీగల గుండా ఆ పిలుపుకు అడ్డుపడే ప్రకంపనలు పంపి, పచ్చదోమలాంటి పురుగుల జతను చెడగొట్టే ప్రయోగాలు చేశారు. మందు చుక్క లేకుండా! మన పందిళ్లకూ తీగలే కదా, అది తలుచుకుంటే ఆశ పుడతాది. వరికి తీగల్లేవు కాబట్టి, దోమ తగ్గాలంటే నీళ్లు తీసి ఆరబెట్టు అన్నా. వచ్చే నాటుకు 2 మీటర్లకొక 20 సెంటీమీటర్ల కాలిబాట వదులు.

ప్రశ్న వేసినాయన: బాటలు వదల్లేదు, తప్పు నాదే. పొద్దున్నే మడవ తీసి నీళ్లు వదిలేస్తా.