టైర్లలో గాలి: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద 33 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) అని ఉంది. టైరు మీద మాత్రం 51 అని అచ్చు వేశారు. హైవే దిగగానే కొలిస్తే 37 చూపించింది. కాస్త గాలి తీసేయనా?

జవాబు: స్టిక్కరే ప్రమాణం. 51 అన్నది ఆ టైరుకున్న గరిష్ఠ పరిమితి, అంతే.

మరో జవాబు: తీయకండి మహాప్రభో! పరుగుతో టైరు వేడెక్కి పీడనం పెరిగింది. ఇప్పుడు తీస్తే చల్లారాక 33 కంటే దిగిపోతుంది. ఉదయం బండి కదపకముందే కొలవండి. గేజిని వాల్వ్ మీద నిటారుగా అదమండి. బుస్సుమంటే సరిగా కూర్చోలేదన్నమాట, ఆ అంకె చెల్లదు. టైరును కాలితో తన్ని చూసే పెద్దమనుషులను నేను నమ్మను.

ప్రశ్న అడిగినవారు: కారు నిండా జనం ఎక్కితే?

జవాబు: అదే స్టిక్కర్‌లో నిండు బరువుకు వేరే అంకె ఉందేమో చూడండి. స్టెప్నీ కూడా కొలవండి.