ఫ్రాన్స్‌లోని కలే రేవుకి ఫెర్రీ పొద్దున్నే ఉంది, ముందు రాత్రి డోవర్‌లో ఆగాలా?

గోదారోడు:
నమస్కారమండీ. మేముండేది బర్మింగ్‌హామ్. వచ్చే నెల అమ్మానాన్నలతో కారులో ఫ్రాన్స్ వెళ్తున్నాం. ఇంగ్లండ్ వైపు రేవు డోవర్ నుంచి ఫెర్రీ పొద్దున ఎనిమిదింటికి. ఇంటి నుంచి నాలుగు గంటల డ్రైవింగ్. రాత్రి ఒంటిగంటకి లేస్తే చాలు కదా అని నేను, ముందురోజే వెళ్లి పడుకుందామని మా ఆవిడ. గంటన్నర ఓడ ప్రయాణానికి ఒక రాత్రి రూమ్ దండగ కాదూ?

కందిపొడి:
మీ ఆవిడ మాట వినండి. ఎనిమిదింటి ఓడంటే ఆరున్నరకల్లా పోర్టులో ఉండాలి. ఫ్రాన్స్ వాళ్ల పాస్‌పోర్ట్ తనిఖీ డోవర్‌లోనే, ఓడెక్కకముందే అయిపోతుంది. మనవి ఇండియన్ పాస్‌పోర్టులైతే షెంగెన్ (యూరప్) వీసా చూడటం, ప్రశ్నలు, కాస్త టైమ్ పడుతుంది. పైగా లారీలు ఎక్కువైన రోజు పోర్టుకెళ్లే A20 రోడ్డు మీద వాటిని వరసగా ఆపేస్తారు. నిద్ర లేకుండా అక్కడ ఇరుక్కుంటే పెద్దవాళ్లకి నరకం.

మేం అత్తమామలతో వెళ్లినప్పుడు ఊళ్లో కాకుండా సెయింట్ మార్గరెట్స్ బేలో ఆగాం. డోవర్ నుంచి నాలుగైదు మైళ్లు, సుద్దకొండల కింద చిన్న ఊరు. సాయంత్రం కొండ మీద కూర్చుంటే వచ్చే ఓడ, పోయే ఓడ. మామగారు పదకొండు లెక్కపెట్టారు, చలేస్తోందన్నా కదల్లేదు.

అసలు కథ తెల్లారి. ఐదింటికి అలారం పెట్టుకున్నాను. మోగింది. అందరినీ లేపేశాను, అత్తయ్య స్నానం కూడా చేసేశారు. మామగారు తన పాత వాచీ చూసుకుని, "ఏమ్మా, ఇంకా నాలుగున్నరే కదా?" అన్నారు. నా ఫోన్లో ఐదున్నర! అక్కడ ఫోన్ సముద్రం అవతలి ఫ్రాన్స్ నెట్‌వర్క్ పట్టేసుకుంటుంది, గడియారం గంట ముందుకి దూకుతుంది. ఆటోమేటిక్ టైమ్, రోమింగ్ రెండూ ఆపేసి పడుకోండి.

రేడియో పిచ్చి:
కందిపొడి గారూ, 1899లో మార్కోనీ ఫ్రాన్స్ నుంచి పంపిన వైర్‌లెస్ కబురు అందింది మీరున్న ఊరి పక్కనే, సౌత్ ఫోర్‌లాండ్ లైట్‌హౌస్‌లో. అప్పట్నుంచీ ఆ గట్టుకి అదే అలవాటు!

మూటాముల్లె:
గోదారోడు గారూ, డోవర్ ఊళ్లోనే ఆగితే సముద్రం వైపు రూమ్ అడక్కండి. A20 బీచ్ పక్కనుంచే పోతుంది, రాత్రంతా లారీలు. నాలుగింటికి సీగల్ పక్షులు అరవడం మొదలెడతాయి. ఇంకోటి, అమ్మగారు దారికి పెరుగన్నం, నెయ్యి కట్టుకుంటారేమో, రాత్రికే తినేయండి. 2021 నుంచి ఇక్కడి పాలపదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. పులిహోర చేసుకోండి.

అప్పారావు:
ఇంత గొడవెందుకు, డోవర్ దగ్గరి ఫోక్‌స్టన్ నుంచి సముద్రం కింది సొరంగం రైల్లో కారు ఎక్కిస్తే 35 నిమిషాలు.

గోదారోడు:
అప్పారావు గారూ, నాన్నకి ఓడే కావాలట, సొరంగంలో ఏం కనిపిస్తుందీ అంటున్నారు. సెయింట్ మార్గరెట్స్‌లో రూమ్ దొరికింది, మా ఆవిడకి చెప్పేశాను (గెలిచిన మొహం చూడాలి). నాన్న హెచ్‌ఎంటీ వాచీకి రేపే సెల్ మార్పిస్తాను.