ఆరుద్ర పురుగు కాళ్లు కనబడాలంటే ఏ లెన్సు?

శనక్కాయచేను (కళ్యాణదుర్గం వైపు):
అన్నలూ, ఒక సాయం చేయండి. మొన్నటి వానకి మా ఎర్రచేను నిండా ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. అయిదో తరగతి చదివే మా పాప "నాన్నా, దీనికి కాళ్లెన్ని?" అని అడిగింది. ఫోనుతో తీస్తే కుంకుమ రాలినట్టు ఒక ఎర్ర చుక్క, అంతే. పాడైన డీవీడీ ప్లేయర్ విప్పి, లేజరు దగ్గరుండే కందిగింజంత లెన్సు పీకి, మా ఆవిడ సైడు పిన్నులో ఇరికించి, ఫోను కెమెరా మీద సెలోటేపుతో అంటించాను. పెద్దగా అయితే కనబడింది. కానీ మధ్యలో నాలుగు వెంట్రుకలు తేటగా, మిగతాదంతా మజ్జిగ! అది ఒక్క అడుగేస్తే ఫ్రేములోంచి మాయం. ఫోను నీడ దానిమీదే పడి చీకటి. ఒకసారి లెన్సు తగిలి పాపం కాళ్లు ముడుచుకుంది, పాప నన్ను తిట్టింది. 300కి మించి పెట్టలేను. ఆన్‌లైన్లో క్లిప్పు లెన్సు ఒకటి కొని ఇప్పటికే మోసపోయాను.

బురుజుపక్కోడు (కర్నూలు):
తమ్ముడూ, నీ లెన్సు చెడ్డది కాదు, దాని శక్తి మరీ ఎక్కువ. డీవీడీ లెన్సుకి పురుగు కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలి, ఇక వెలుగు ఎటునుంచి వస్తుంది? గడియారాలు రిపేరు చేసేవాళ్లు కంట్లో పెట్టుకునే భూతద్దం కొను. తుగ్గలి, జొన్నగిరి వైపు వానలు పడగానే వజ్రాలకి పోతారు కదా, మా బామ్మర్ది పోయినేడు అందుకని పదింతలది కొన్నాడు. వజ్రం దొరకలేదు. భూతద్దం నాకు దొరికింది.

పదింతలంటే పురుగుకీ లెన్సుకీ మధ్య రెండున్నర సెంటీమీటర్లు దొరుకుతుంది. అయిదింతలైతే అయిదు. ఆరుద్రకి అయిదు చాలు. అద్దం మీద 30 (అంటే ముప్పైయింతలు) అని రాసుంటే నమ్మొద్దు. ఎండలో పట్టి, కాగితం మీద వెలుగు చుక్క బాగా సన్నబడే దూరాన్ని స్కేలుతో కొలువు (కాగితం కాలుతుంది, జాగ్రత్త). పురుగు ఇంచుమించు అంత దూరంలో ఉన్నప్పుడే తేటగా పడుతుంది. కంటికి ఆనించే వైపు ఫోనుకి ఆనించు. అంచుల్లో నీలం, ఎరుపు గీతలొస్తాయి, మధ్యభాగం మాత్రం కత్తిరించి ఉంచుకో.

పాతస్టూడియో (ప్రొద్దుటూరు):
పై ఆయన చెప్పింది సరే. లెన్సు కంటే నీడే నీ అసలు సమస్య. ట్రేసింగ్ పేపరు ఒకటి కొని ఎండకీ పురుగుకీ మధ్య పట్టు, ఎదురువైపు తెల్లటి థర్మోకోల్ ప్లేటు నిలబెట్టు. మిట్టమధ్యాహ్నం తీయొద్దు, వాన వెలిసిన పొద్దున తియ్యి. ఫోకస్ తాకి లాక్ చేసి, ఆ తర్వాత ఫోనునే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ బరస్టులో (ఆపకుండా వరసగా) ముప్పై తీస్తే ఒకటో రెండో నిలుస్తాయి. దగ్గరికి పోగానే కొన్ని ఫోన్లు తమంతట తామే ఇంకో కెమెరాకి మారిపోతాయి, ఆ సెట్టింగు ఆపు.

ఎవరైనా పాత డీఎస్‌ఎల్ఆర్ కెమెరా అరువిస్తే, దానితోపాటు వచ్చే కిట్ లెన్సు (18-55 మి.మీ. జూమ్) ఊడదీసి తిరగేసి పట్టుకో. 55 దగ్గర కంటే 18 దగ్గర పెట్టినప్పుడే పురుగు ఇంకా పెద్దగా పడుతుంది, చాలామంది ఉల్టా అనుకుంటారు. కానీ మన ఎర్రదుమ్ములో లెన్సు ఊడదీసి కెమెరా బాడీ తెరిచి ఉంచడం నాకు నచ్చదు. ఒకసారి పెళ్లి సీజన్ ముందు అలా తెరిచి, సెన్సార్ (లోపల బొమ్మ పట్టే పలక) శుభ్రం చేయించడానికి ఆ సీజన్ తొలి సంపాదనంతా పోగొట్టుకున్నాను.

శనక్కాయచేను:
గడియారాల షాపాయన 120 అన్నాడు, 100కిచ్చాడు. ఎండలో కొలిస్తే నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. బాటిల్ మూతకి చిల్లు పెట్టి అందులో అద్దం బిగించి, రబ్బరు బ్యాండుతో ఫోనుకి కట్టాను. ట్రేసింగ్ పేపరు పాప పట్టుకుంది. నలభై తీస్తే మూడు బాగొచ్చాయి. ఒంటిమీద మఖమలు గుడ్డలాంటి నూగు, దానిలో ఇరుక్కున్న ఇసుక రేణువులు కూడా తెలుస్తున్నాయి. కాళ్లు ఎనిమిది. ముందరి రెండూ గుడ్డివాడి కర్రలా నేలని తడుముతున్నాయి. పురుగులకి ఆరే కాళ్లుంటాయని బళ్లో చెప్పారట, అంటే ఇది సాలెపురుగు చుట్టమే కదా అని పాప వాదన. ఫోటో తీసుకుని బడికి పోయింది.