స్కూల్ బస్సు దిగే చోట పిల్లల భద్రత

ప్రశ్న: మా పాప రెండో తరగతి చదువుతోంది. నిన్న బస్సు దిగి, దాని ముందు నుంచే రోడ్డు దాటబోతుండగా డ్రైవరు బండి కదిలించారు. ఆయా కేక వేయడంతో ఆగింది. యాజమాన్యాన్ని ఏమేమి అడగాలో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: పాప క్షేమంగా ఉన్నందుకు సంతోషమండీ. ఎత్తైన సీటులో కూర్చున్న డ్రైవరుకు బంపరును ఆనుకుని నడిచే చిన్నపిల్ల కనిపించదు కాబట్టి, ఆయా తానే దిగి, పిల్లను చేయిపట్టి రోడ్డు దాటించి, తిరిగి ఎక్కి చెప్పేవరకు బండి కదలకూడదని రాతపూర్వకంగా కోరండి.

జవాబు 2: ఫిట్‌నెస్ పత్రం కూడా చూపించమనండి. తెలుగు రాష్ట్రాల్లో స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా రవాణా శాఖ తనిఖీ పూర్తి కావాలి.

జవాబు 3: 2014 జూలై 24న మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూల్ బస్సును రైలు ఢీకొన్న సంగతి నేను మరువలేను. ఆ రోజు బస్సు నడిపింది రోజూ వచ్చే డ్రైవరు కాదు, ఆయన బదులు వచ్చిన వేరే డ్రైవరు. అందుకే డ్రైవరు మారిన రోజున తల్లిదండ్రులకు ముందే కబురు చేయమని తప్పక అడగండి.