ఎర్రర్ వస్తే వాడేవాళ్లకు ఎంత చెప్పాలి?

మొగల్రాజపురం (ప్రశ్న)

మేం విజయవాడలో ఐదుగురమున్న చిన్న టీమ్. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లెక్కల వెబ్ అప్లికేషన్ చేసిచ్చాం. రైతు దించిన టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా తూకాలు, పలికిన ధర, ఖర్చులు, చివర్లో రైతు చేతికిచ్చే పట్టీ (అమ్మకం లెక్కల చీటీ), అన్నీ అందులోనే నడుస్తాయి. సీజన్ మంచి జోరు మీదున్న ఒకరోజు గుమాస్తా పట్టీ సేవ్ చేస్తే “ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి” అని వచ్చింది. ఆయన మళ్లీ నొక్కారు. మళ్లీ అదే. మొత్తం నాలుగుసార్లు. సాయంత్రం లెక్క చూస్తే ఒకే రైతు పేరు మీద నాలుగు పట్టీలు. 38 టిక్కీల సరుకు 152 అయి కూర్చుంది.

తీరా చూస్తే పట్టీ ప్రతిసారీ డేటాబేస్‌లో పడింది. ఆ తర్వాత రైతుకి ఎస్సెమ్మెస్ పంపే చోట టైమవుట్ అయింది, అంటే జవాబు కోసం చూసి వదిలేసింది. అన్నిటికీ కలిపి పెట్టిన ఒకే ఒక్క క్యాచ్ బ్లాక్ (తప్పులను పట్టుకునే కోడ్ ముక్క) ఆ ఎక్సెప్షన్‌ను, అంటే కోడ్ నడుస్తుండగా వచ్చిన తప్పును, పట్టుకుని ఈ వాక్యం చూపించింది. తప్పు మాదే. ఇప్పుడు టీమ్‌లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. అసలు ఎర్రర్ ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద చూపించాలని ఇద్దరు, చూపించకూడదని ముగ్గురు. మీ అనుభవంలో ఏది నిలబడింది?

అరండల్‌పేట

ఉన్నదున్నట్టు చూపించాలి. నేను పన్నెండేళ్లుగా గుంటూరులో చిన్న వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నాను. కస్టమర్ ఫోన్ చేసి “రావట్లేదండీ” అంటారు, వాట్సాప్‌లో స్క్రీన్ ఫొటో పంపిస్తారు. ఆ ఫొటోలో “ఏదో పొరపాటు” అని ఉంటే నాకు దొరికేదేమీ లేదు. అదే “ఎస్సెమ్మెస్ సర్వర్ 30 సెకన్లలో జవాబివ్వలేదు” అని ఉంటే రెండు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. వాడేవాళ్లకు అర్థం కాదని మనమే అనుకుంటాం. జీఎస్టీ పోర్టల్‌తో రోజూ కుస్తీ పట్టే అకౌంటెంటుకి టైమవుట్ అంటే ఏమిటో తెలియదా?

పటమట

అరండల్‌పేట గారూ, చూసేది మీ కస్టమర్ ఒక్కరే అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. 2010 సెప్టెంబరులో వెబ్‌సైట్లు కట్టే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్‌లో బయటపడ్డ లోపం గుర్తు చేసుకోండి. సర్వర్ ఒక్కో తప్పుకు ఒక్కో రకంగా జవాబిచ్చేది. ఆ తేడాను పట్టుకుని, కీ తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాను విప్పగలిగారు. ప్యాచ్ వచ్చేలోపు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తాత్కాలిక సలహా, ఏ ఎర్రర్ వచ్చినా ఒకే పేజీ చూపించమని. 2021లో లారవెల్ అనే వేరే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. లైవ్ సైట్‌లో డీబగ్ మోడ్ (తప్పుల లోపలి వివరాలన్నీ చూపించే సెట్టింగ్) ఆన్‌లో వదిలేస్తే, ఇగ్నిషన్ అనే ఎర్రర్ పేజీ ద్వారా బయటివాళ్లు లాగిన్ లేకుండానే సర్వర్ మీద తమ కోడ్ నడపగలిగేవారు. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌లో కూడా డీబగ్ ఆన్ చేసి లైవ్‌లో పెట్టొద్దని డాక్యుమెంటేషన్‌లోనే గట్టిగా చెప్పారు. ఇంకో ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ అయితే 2020లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి ఎక్సెప్షన్ సందేశాన్ని జవాబులో పంపడం డిఫాల్ట్‌గా మానేసింది. ఇంతమంది ఊరికే ఈ నిర్ణయానికి రాలేదు.

టేబుల్ పేరు, ఫైల్ దారి, లైబ్రరీ వెర్షన్, ఇవేవీ స్క్రీన్ మీదికి రాకూడదు. ప్రతి ఎర్రర్‌కీ ఒక నంబరు ఇవ్వండి. స్క్రీన్ మీద ఆ నంబరు, లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) అదే నంబరు కింద మొత్తం స్టాక్ ట్రేస్, అంటే తప్పు కోడ్‌లో ఎక్కడ, ఏ దారిలో వచ్చిందో ఆ వివరం. ఫొటో పంపినా నంబరు ఉంటుంది, మీ పని జరుగుతుంది.

అరండల్‌పేట

నంబరు సంగతి ఒప్పుకుంటాను, అది బాగుంది. కానీ లాగ్ తెరిచి చూసే మనిషంటూ ఉండాలి కదా. రాత్రి పదకొండింటికి కొట్టులో లెక్క తేలక యజమాని ఫోన్ చేస్తే, నేను పెళ్లికి తెనాలి వెళ్లి ఉంటే? డేటాబేస్ సంగతులు దాచండి, కాదనను. “ఎస్సెమ్మెస్ వెళ్లలేదు” అనే మాటలో దాచాల్సింది ఏముంది?

ఒక గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను ప్రోగ్రామర్ని కాదు. మాదీ యార్డులోనే, వేరే కొట్టు. మా బావమరిది ఈ లింకు పంపించి “ఇది మీ గోడే” అన్నాడు.

నేను సేవ్ నొక్కేటప్పుడు రైతు బల్లకి అటుపక్క నిలబడి ఉంటాడు. దుర్గి నుంచో మాచర్ల నుంచో రాత్రంతా లారీలో వచ్చి ఉంటాడు. నాకు సర్వర్ గొడవ వద్దు, నంబరు కూడా తర్వాతి మాట. ఆ క్షణంలో నాకు కావలసింది ఒక్కటే: పడిందా, పడలేదా? పడింది, కానీ మెసేజ్ వెళ్లలేదు అంటే కాగితం మీద పట్టీ రాసిచ్చి పంపించేస్తాను. పడలేదంటే మళ్లీ కొడతాను. “ఏదో పొరపాటు, మళ్లీ ప్రయత్నించండి” అంటే మళ్లీ కొట్టమని మీరే చెప్పినట్టు కదా? ఆ గుమాస్తా చేసిన తప్పేముంది?

ఇంకో బాధ ఉంది. మేం వాడేదాంట్లో ఎర్రర్ వస్తే ఫారం మొత్తం ఖాళీ అయిపోతుంది. 38 టిక్కీలంటే 38 తూకాలు. 41.5, 43, 42.2, ఇలా ఒక్కొక్కటీ చీటీ చూసి కొట్టాను. తాలు (రంగు పోయిన కాయలు) విడిగా కొట్టాను. అవన్నీ పోయి తెల్ల గళ్లు మిగిలితే, వెనక ఆరుగురు రైతులు ఎదురుచూస్తుంటే, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఒక్కసారి వచ్చి నా కుర్చీలో కూర్చుని చూడండి.

గొల్లపూడి

నేను హోల్‌సేల్ కొట్లకు సాఫ్ట్‌వేర్ అమ్ముతాను. గుమాస్తా గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఒక భయం. కొన్నిసార్లు పడిందో లేదో మనకే తెలియదు. “మాకు తెలియదు” అని స్క్రీన్ మీద రాస్తే యజమాని ఏమనుకుంటాడు? డబ్బు లెక్కలు వీళ్ల చేతిలో పెట్టానే అని బెంగ పడడా?

లబ్బీపేట

గొల్లపూడి గారూ, అసలు గొడవంతా ఆ భయం దగ్గరే మొదలైంది. తెలియని చోట తెలిసినట్టు మాట్లాడటం వల్లే ఆ నాలుగు పట్టీలు పడ్డాయి. జరిగింది, జరగలేదు, తెలియదు: ఈ మూడిటికీ మూడు వేర్వేరు మాటలు ఉండి తీరాలి. హెచ్‌టీటీపీలో, అంటే బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతిలో, జవాబు కోడ్ 400 వరుస అంటే పంపిన దాంట్లో తేడా, 500 వరుస అంటే సర్వర్ వైపు తేడా. కానీ 504 వస్తే? గేట్‌వే (మధ్యలో ఉండే సర్వర్) వేచి చూసి వదిలేసిందని మాత్రమే దాని అర్థం, వెనక పని పూర్తయిందో లేదో అది చెప్పదు. చాలామంది దాన్ని “జరగలేదు” అని చదువుకుని మళ్లీ ప్రయత్నించమంటారు.

యూపీఐ చూడండి. డబ్బు ఎక్కడుందో తేలనప్పుడు “పెండింగ్” అంటుంది. దాన్ని చూసి జనం యూపీఐ మానేశారా? ఖాతాలో కోత పడి అవతలివాళ్లకు చేరకపోతే మరుసటి రోజులోగా తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరులో ఆర్బీఐ నియమం పెట్టింది. ఎప్పటికి తేలుతుందో తెలిస్తే ఆ “తెలియదు”ను మనిషి భరించగలడు.

మొగల్రాజపురం గారూ, మీ కోడ్‌లో ముందు మార్చాల్సింది మెసేజ్ కాదు. పట్టీ సేవ్ ఒక పని, ఎస్సెమ్మెస్ వేరే పని. ఎస్సెమ్మెస్‌ని క్యూలో (వరుసగా తర్వాత చేసే పనుల జాబితాలో) పెట్టి వెనక పంపించండి, అది ఆగినా పట్టీకి సంబంధం ఉండకూడదు. ఫారం తెరవగానే దానికొక కీ (ఆ ఫారానికే చెందిన గుర్తింపు) ఇవ్వండి, డేటాబేస్‌లో ఆ కీ మీద యూనిక్ నిబంధన (ఒకే కీతో రెండోది పడనివ్వని నిబంధన) పెట్టండి. గుమాస్తా పదిసార్లు నొక్కినా మొదటి పట్టీయే తిరిగి రావాలి. ఇక ఆ ఒక్క పెద్ద క్యాచ్ బ్లాక్: అట్టడుగున చివరి వలగా ఉంచండి, తప్పు లేదు. కానీ ఏ ఎక్సెప్షన్ వస్తే ఏం చేయాలో తెలిసిన చోటే దాన్ని పట్టుకోవాలి. ఆ చివరి వల దాకా వచ్చేసరికి పట్టీ పడిందన్న కబురు కోడ్‌కే అందకుండా పోయింది, ఇక మనిషికి ఏం చెబుతుంది?

పటమట

కీ మాట బాగా చెప్పారు. ఒక్క హెచ్చరిక. లాగిన్ పేజీకి మాత్రం ఇదంతా వర్తించదు. “ఈ ఫోన్ నంబరుతో ఖాతా లేదు”, “పాస్‌వర్డ్ తప్పు” అని విడివిడిగా చెబితే ఎవరికి ఖాతా ఉందో బయటివాళ్లు ఏరుకుంటారు. అక్కడ రెండిటికీ ఒకే మాట.

అరండల్‌పేట

మాకు ఫోన్లు ఎక్కువ వచ్చేది ఆ లాగిన్ దగ్గరేనండీ. యాభై దాటిన యజమాని ఏ నంబరుతో రిజిస్టర్ చేశాడో మర్చిపోతాడు. ఒకే మాట చెబితే పాస్‌వర్డే మారుస్తూ కూర్చుంటాడు. ఇక్కడ మాత్రం నేను మీతో ఏకీభవించను.

మొగల్రాజపురం

అందరికీ ధన్యవాదాలు. కీ, క్యూ రెండూ పెట్టేశాం. సేవ్ దగ్గర జవాబు రాకపోతే పేజీయే ఆ కీతో సర్వర్‌ని మళ్లీ అడుగుతుంది. ఈలోగా కనిపించేది ఇది: “పట్టీ పడిందో లేదో చూస్తున్నాం. మళ్లీ నొక్కనక్కర్లేదు. మీరు కొట్టిన తూకాలు ఇక్కడే ఉన్నాయి.” నిమిషంలో తేలకపోతే ఎర్రర్ నంబరు, మా ఫోన్ నంబరు వస్తాయి. లాగిన్ మాట ఇంకా తేలలేదు, టీమ్‌లో ఇప్పటికీ ఇద్దరూ ముగ్గురే. గుమాస్తా గారూ, ఇంకేమైనా ఉంటే చెప్పండి.

ఒక గుమాస్తా

మేం వాడేదాంట్లో ఎర్రర్ చూపించే ఎర్ర డబ్బా మూడు సెకన్లకి దానంతటది పోతోంది. నేను చీటీ మీద నుంచి తలెత్తేసరికి ఉండట్లేదు. మీదాంట్లో గుమాస్తా మూసేదాకా ఉంచండి.